దాల్చిన చెక్క వేడి ఎవరి ఖాతాలో?

1978 డిసెంబరు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో మా అక్క బాలింత. పురిటికి పుట్టింటికి వచ్చింది. వంటింటి పెత్తనం మామ్మది. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, శొంఠి పొడి, పైన నెయ్యి. మంచినీళ్ళు కాచి, గ్లాసుతో కొలిచి ఇచ్చేది. పండు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. పండు చలవ, తల్లి చలవ చేస్తే పాల ద్వారా బిడ్డకు జలుబు. ఇదీ సూత్రం. అక్క నాలుక పిడచకట్టుకుపోయి, కడుపు బిగబట్టి, పగలంతా మూలుగుతూ పడుకునేది. గోల్ బజార్‌లో అప్పుడు జామపళ్ళు కుప్పలుగా పోసి అమ్ముతున్నారు.

పక్క క్వార్టర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. భర్త డ్రైవరు. ఆ ఇంటి ఆంటీ ఒక సాయంత్రం గుడ్డ కప్పిన అల్యూమినియం పళ్ళెంతో వచ్చింది. ఆపిల్ ముక్కల మీద వెన్నా మైదా కలిపి నలిపిన పొడి చల్లి, బట్టీలో కాల్చిన తీపి వంటకం. దాన్ని క్రంబుల్ అంటారని ఆరోజే విన్నాను. క్రిస్మస్ రోజుల్లో ఆ ఇళ్ళవాళ్ళు కేకు రేకులు బేకరీకి పంపి కాల్పించుకునేవారు. వాటితోపాటు ఇదీ కాలి వచ్చింది.

మామ్మ గుమ్మంలోనే ఆపింది. "ఏటేసినావమ్మా ఇందులో?"

ఆంటీకి తెలుగు అర్థమయ్యేది, మాట్లాడ్డం మాత్రం రైల్వే హిందీలోనే. "దాల్చీనీ, లవంగ్, సోంఠ్. సబ్ గరం హై మాజీ, ఠండా నహీ కరేగా."

మామ్మ ఒక క్షణం ఆలోచించింది. శొంఠి వేడి, లవంగం వేడి, దాల్చిన చెక్క వేడి, పైగా నిప్పు మీద కాలింది. పండు చలవ వాటి వేడికి కొట్టుకుపోతుంది. "అయితే పెట్టవచ్చునులే" అంది. పది రోజుల తర్వాత మా అక్క పండు రుచి చూసింది. ఆ పళ్ళెం ఖాళీ చేసిన తీరు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంది.

మా మావయ్య ఒకాయన అక్కడే ఉండి తీర్పు చెప్పేశాడు. "చూసినావురా? మన పెద్దాళ్ళు చెప్పిందే దొరల వంటలోనూ ఉంది. సముద్రానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒకే మాట చెప్పారంటే నిజం కాక మరేటవుద్ది?"

అప్పటికి నాకు జవాబు తెలియదు. తర్వాత డిఫెన్స్ అకౌంట్స్‌లో మూడు దశాబ్దాలకు పైగా బిల్లులు చూసుకుంటూ బతికాను. అక్కడ నేర్చుకున్న పాఠం ఒకటుంది. రెండు వోచర్లు ఒకే మొత్తం చూపించగానే పాస్ చేసెయ్యకూడదు. రెండూ ఒకే బిల్లు పుస్తకంలోంచి చించినవేమో ముందు చూడాలి.

చూస్తే ఆ పుస్తకం దొరుకుతుంది. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దం నుంచి గ్రీకు వైద్యులు, ముఖ్యంగా హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న గ్రంథాలు, శరీరంలో రసాల సమతూకం చెడితే రోగం వస్తుందన్నాయి. క్రీ.శ. 2వ శతాబ్దంలో గాలెన్ ప్రతి ఆహారానికీ, ప్రతి మందుకూ వేడి, చలవ, తడి, పొడి అని గుణాలు కట్టి, వాటిలో మోతాదులు కూడా పెట్టాడు. 11వ శతాబ్దంలో ఇబ్న్ సీనా తన 'కానూన్'లో దాన్నంతా క్రోడీకరించాడు. ఆ గ్రంథం 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడోలో లాటిన్‌లోకి వెళ్ళింది. యూరప్ వైద్య విద్యాలయాలు శతాబ్దాల తరబడి దాన్నే బోధించాయి. అదే గ్రంథం తూర్పుకు ప్రయాణం చేసి యునానీ పేరుతో మన దేశంలో స్థిరపడింది. యునానీ అంటేనే గ్రీకు దేశానిది అని అర్థం. మనం రోజూ అనే గరం మసాలాలో ఆ గరం కారానికి పెట్టిన పేరు కాదు, గుణానికి పెట్టిన పేరు. దాల్చిన చెక్క అనే మాట కూడా పారశీకం నుంచి వచ్చిందే. దార్ చీనీ, అంటే చీనా కొయ్య.

ఆయుర్వేదంలోనూ ఉష్ణవీర్యం, శీతవీర్యం ఉన్నాయి. గ్రీకులకూ మనకూ మధ్య ఎవరు ఎవరికి ఇచ్చారన్నది పెద్ద చర్చ, దానిలోకి నేను దిగను. మామ్మ, ఆంటీ ఇద్దరూ వేరువేరుగా ప్రయోగాలు చేసి ఒకే ఫలితానికి వచ్చినవారు కారన్నంత వరకే నాకు కావాలి.

సాక్షులు ఎంత గట్టివాళ్ళో పెరుగు విషయంలో తేలిపోతుంది. ఏ తెలుగింట్లో అడిగినా పెరుగు చలవ అంటారు. వాగ్భటుడి అష్టాంగహృదయం తెరిస్తే పెరుగు ఉష్ణం అని ఉంది. ఇంటి ఆచారం ఒకటి, ఆ ఆచారానికి ప్రమాణమని చూపించే గ్రంథం ఇంకొకటి. వేడి అనేది పెరుగులో నిజంగా ఉన్న గుణమైతే ఈ తేడా ఎందుకు వస్తుంది? ఇనుము బరువు గురించి రెండు ఊళ్ళవాళ్ళు ఇలా పోట్లాడుకోరు కదా!

ఇక ఇంగ్లండు సంగతి. అక్కడా పచ్చి పండు అంటే భయమే. 1508లో లండన్‌లో అచ్చయిన వడ్డన మర్యాదల పుస్తకం ఒకటి, పచ్చి ఆకుకూరలూ పచ్చి పళ్ళూ ప్రభువుకు జబ్బు చేస్తాయి, జాగ్రత్త అని నౌకర్లను హెచ్చరించింది. పండు చల్లనిది, తడిది. కాబట్టి దాన్ని ఉడికించాలి, కాల్చాలి, అల్లం, దాల్చిన చెక్క, లవంగం వేసి దాని చలవ విరవాలి. మా మామ్మ లెక్క అచ్చంగా ఇదే. తర్వాత తర్వాత వైద్యులు రసాల సిద్ధాంతాన్ని వదిలేశారు. వంటింట్లో మాత్రం అది రుచిగా మిగిలిపోయింది. ఆపిల్ వంటకంలో దాల్చిన చెక్క ఎందుకు వేస్తారని ఇవాళ ఇంగ్లీషువాళ్ళను అడిగితే బాగుంటుంది కాబట్టి అంటారు. అది న్యాయమైన జవాబే.

క్రంబుల్ నిజానికి అంత పాతది కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో రేషన్ వల్ల బ్రిటన్‌లో పుట్టిందని చాలామంది రాస్తారు. కింద మైదా రొట్టె అక్కర్లేదు, పైన పొడి చల్లితే చాలు, వెన్న తక్కువ పడుతుంది, కాబట్టి కథ నమ్మదగ్గట్టే ఉంటుంది. కాని దీని తోబుట్టువైన ఆపిల్ క్రిస్ప్ 1924లోనే అమెరికా వంటల పుస్తకంలో అచ్చయింది. యుద్ధం దీన్ని పుట్టించలేదు, ఇంటింటికీ చేర్చింది. బ్రిటన్‌లో రేషన్ 1940 జనవరి 8న మొదలై 1954 జులైలో ముగిసింది. వెన్న ఒక దశలో మనిషికి వారానికి రెండు ఔన్సులకు దిగింది. అది కష్టమే, కాదనను. కాని ఆ సంవత్సరాల్లోనే, 1942 అక్టోబరు 16 తుఫాను తర్వాత, ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ జిల్లాలో జనం గంజి లేక రోడ్ల మీద చచ్చారు. 1943 కరువులో బెంగాల్ మొత్తం మీద పోయినవారు సుమారు 30 లక్షలని అంచనా. ఆ కరువు పేరు మీద ఏ వంటకమూ పుట్టలేదు.

ఖరగ్‌పూర్‌లో ఆ రెండు వంటిళ్ళు పక్కపక్కన చేరడానికి కారణం రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు కట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి మనవాళ్ళు కూలీలుగా, ఫిట్టర్లుగా వచ్చారు. వారి పిల్లల కోసం తెలుగు బడులు వెలిశాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించినప్పుడు అందరూ చెప్పుకున్నది ఈ ఊరి పేరే. ఇంజను నడిపే ఉద్యోగాల్లో, గార్డు ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్లు ఎక్కువ. రాజ్యాంగం 336వ అధికరణం వారికి రైల్వేలో ఇచ్చిన రిజర్వేషన్ పదేళ్ళకు ముగిసిపోయింది. చాలా కుటుంబాలు ఆస్ట్రేలియాకో ఇంగ్లండుకో వెళ్ళిపోయాయి. 1978 నాటికి మా వీధిలో ఒకటి రెండు ఇళ్ళే మిగిలాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. తింటే ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుంది కదా, అది అబద్ధమా? అనిపించడం అబద్ధం కాదు. మిరపలోని కాప్సైసిన్, మన నాలుక మీద, చర్మంలో ఉన్న వేడిని పసిగట్టే గ్రాహకాన్నే తట్టిలేపుతుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో చూపించింది. ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. అంటే నిప్పు లేకుండానే ఫైర్ అలారం మోగుతోందన్నమాట. దాల్చిన చెక్క కథ ఇంకా తమాషా. దాని ఘాటు తట్టే గ్రాహకం పేరు టిఆర్‌పిఎ1. 2004లో పటపూటియన్ బృందం దాల్చిన చెక్క, లవంగం, అల్లం ఘాటు పదార్థాలన్నీ దాన్ని తడతాయని ప్రకటించినప్పుడు, అది బాధ పుట్టించేంత చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకమని కూడా చెప్పింది! చల్లదనం సంగతి మీద తర్వాతి ప్రయోగాల్లో వాదాలు నడిచాయి. ఏదైనా, వేడి వస్తువులని మామ్మ లెక్కవేసిన మూడూ వెళ్ళి తట్టిన తలుపు అది.

శొంఠికి అసలేమీ శక్తి లేదనడం కూడా తప్పే. 10 మంది పురుషుల మీద చేసి 2012లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో, 2 గ్రాముల శొంఠి వేడినీళ్ళలో తాగితే భోజనం తర్వాత శరీరం ఖర్చు పెట్టిన శక్తి సుమారు 43 కేలరీలు పెరిగింది. అంటే సగం అరటిపండు. ఆ అరటిపండునే మనం బాలింతకు పెట్టం.

ఇక పండు చలవకు జలుబు అనే మాట. జలుబుకు కారణం వైరస్‌లు. వాటిలో ముఖ్యమైన రైనోవైరస్ 1950లలో పట్టుబడింది. ఇంగ్లండులోని సాల్స్‌బరీలో 1946 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా నడిచిన జలుబు పరిశోధన కేంద్రంలో వలంటీర్లను స్నానం చేయించి, ఒళ్ళు తుడుచుకోనివ్వకుండా చలిగాలిలో నిలబెట్టి చూశారు. జలుబు పెరగలేదు. 2005లో కార్డిఫ్‌లో 90 మంది కాళ్ళు చన్నీళ్ళలో పెట్టిస్తే, తర్వాతి రోజుల్లో 13 మంది జలుబు లక్షణాలు చెప్పారు, పెట్టనివారిలో 5 మంది. అయితే అక్కడ వైరస్ పరీక్ష చేయలేదు. ఒంటికి చలి తగలడం మీద కనీసం ఇంత చర్చ ఉంది. నోట్లో పెట్టుకున్న జామపండు జలుబు తెస్తుందన్నదానికి ఇదీ లేదు.

మరి ఆ సాయంత్రం అక్క ఒంటికి వచ్చిన వెచ్చదనం ఎక్కడిది? ఖాతా రాద్దాం. నలుగురికి సరిపడా క్రంబుల్‌కు 600 గ్రాముల ఆపిల్, చెక్కు తీసి ముక్కలు కోసి, 25 గ్రాముల చక్కెర కలపాలి. దానికి 2 గ్రాముల దాల్చిన చెక్క పొడి, గ్రాము శొంఠి, రెండు లవంగాల పొడి, గీరిన జాజికాయ చిటికెడు. పైకి 150 గ్రాముల మైదా, 75 గ్రాముల చల్లని వెన్న వేళ్ళతో నలిపి, ముతక రవ్వలా అయ్యాక 75 గ్రాముల చక్కెర కలిపి, అదమకుండా చల్లాలి. 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు. అంచుల్లో రసం బుడబుడలాడాలి.

ఆపిల్ నుంచి 312 కేలరీలు, మైదా 525, వెన్న 540, చక్కెర 400. మొత్తం 1777, తలకు 445 దాకా. మసాలాలన్నీ కలిపి 12, నూటికి ఒక పాలు కూడా కాదు. మైదా, వెన్న, చక్కెర వాటా నూటికి 82. చలిలో ఒంటికి ఆసరా అయిన పద్దు ఇది, దానికి బట్టీ నుంచి దిగిన పళ్ళెం వేడి కలుపుకోండి. దాల్చిన చెక్కకు రాయవలసింది వాసన, రుచి. అవి చిన్న పద్దులేమీ కావు.

ఇదంతా తీరిక లెక్కలా కనిపించవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు కావాలంటుంది. నీళ్ళు ధారాళంగా తాగాలి. మనం సరిగ్గా ఆ రోజుల్లోనే నీళ్ళు కొలిచి, పళ్ళు మాన్పిస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. పశ్చిమ బెంగాల్‌లో 71. దీనికంతటికీ పథ్యమే కారణమని నేననను. తినే తిండిలోని ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ తోడ్పడుతుందనీ, అది 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుందనీ, కాలిస్తే అందులో కొంత పోతుందనీ మాత్రం అంటాను.

ఆంటీ పళ్ళెం మామ్మ నమ్మకాన్ని ఓడించలేదు, దానిలోని సందులోంచి దూరి వచ్చింది. నాకు ఇది అర్థమవడానికి నాలుగేళ్ళు పట్టింది. చిన్నక్క పురుడు 1982లో, మే నెలలో వచ్చింది. అప్పటికి ఆంటీ వాళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోయారు. ఎండాకాలం, బయట నలభై డిగ్రీలు. నీళ్ళు మళ్ళీ గ్లాసుతోనే కొలిచారు. పండు మళ్ళీ గడప బయటే ఉంది. ఈసారి నేను వాదించాను. మావయ్య క్రంబుల్ సంగతి ఎత్తి, "అందులో గరం మసాలా ఉంది, ఇందులో ఏటుంది?" అన్నాడు. అతని సిద్ధాంతం ప్రకారం అది తప్పులేని ప్రశ్న.

మొన్న జనవరిలో నిమ్‌పురా నుంచి పినతల్లి కొడుకు ఫోను చేశాడు. కోడలికి బిడ్డ పుట్టిందట. మన చిన్నప్పటి ఆ ఆపిల్ వంట కొలతలు కావాలి, అది వేడి కాబట్టి పెట్టవచ్చునని ఇంట్లో ఒప్పుకున్నారు అన్నాడు. కొలతలు రాసి పంపాను. కింద ఇంకో వాక్యం చేర్చాను, రోజూ ఒక జామపండు కూడా ఇవ్వండి, ఉత్తదే, డాక్టర్నీ ఒకసారి అడగండి అని. వారం తర్వాత జవాబు వచ్చింది. క్రంబుల్ బ్రహ్మాండంగా కుదిరిందట, రెండుసార్లు చేశారట. జామ మాత్రం ఎండలు ముదిరాక చూస్తామన్నారు.