మధుమేహ పాదవ్రణం - సడలింపు పద్ధతులు

మధుమేహ పాదవ్రణం అనగా చక్కెర వ్యాధి ఉన్నవారి పాదానికి ఏర్పడి, త్వరగా మానని పుండు. దీని చికిత్సకు తోడుగా రోగి మనస్సునూ, కండరాలనూ సేదదీర్చడానికి చేయించే సాధనలను సడలింపు పద్ధతులు అంటారు. ఇవి సహాయక చికిత్స మాత్రమే. ముఖ్య చికిత్సకు బదులు కావు.

పుండు ఏర్పడే విధానం

రక్తంలో చక్కెర చాలాకాలం అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతింటాయి. స్పర్శ తగ్గడం వలన ముల్లు గుచ్చుకొన్నా, చెప్పు కరచినా నొప్పి తెలియదు. కాలి రక్తనాళాలు పూడుకొనిపోతే గాయానికి రక్తం చాలినంత అందదు. అదే చోట నడక బరువు పదేపదే పడి పుండు లోతవుతుంది. చీము ఎముకకు చేరితే వేలు గాని, కాలు గాని తీసివేయవలసి రావచ్చు.

మానసిక ఒత్తిడి ప్రభావం

ఆందోళన కలిగినపుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు ఎక్కువగా విడుదలవుతాయి. మొదటిది చర్మంలోని సన్నని రక్తనాళాలను కుదిస్తుంది. రెండవది రక్తంలో చక్కెరను పెంచి, రోగనిరోధక కణాల పనిని మందగింపజేస్తుంది. అమెరికాకు చెందిన జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో ఒక పరిశోధనను ప్రచురించింది. మతిమరుపు వ్యాధి గల బంధువులకు సేవ చేస్తున్న మహిళలలో చిన్న గాయం మానడానికి ఇతరులకంటె సుమారు 9 రోజులు ఎక్కువ పట్టినదని అందులో తేలింది. అయితే ఇది పాదవ్రణాలపై చేసిన పరిశోధన కాదు.

ముఖ్య పద్ధతులు

* దీర్ఘశ్వాస: కూర్చొని గాని, పడుకొని గాని నెమ్మదిగా గాలి పీల్చి వదలడం.
* కండరాల క్రమ సడలింపు: ఒక్కొక్క కండరాన్ని బిగించి వదలడం. దీనిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 20వ శతాబ్దపు తొలి దశకాలలో రూపొందించాడు.
* శవాసనం, యోగనిద్ర: వెల్లకిలా పడుకొని శరీర భాగాలపై వరుసగా దృష్టి నిలపడం.
* బయోఫీడ్‌బ్యాక్: చర్మపు ఉష్ణోగ్రతను పరికరంలో చూస్తూ, సడలింపు ద్వారా పాదాలకు రక్తప్రసారం పెంచుకొనే అభ్యాసం.

పరిశోధనా ఫలితాలు

మానని పాదవ్రణాలున్న 32 మందిపై బిర్గిట్టా రైస్ జరిపిన పరిశోధన 2001లో వెలువడింది. మామూలు చికిత్సతో పాటు బయోఫీడ్‌బ్యాక్ నేర్చుకొన్న 16 మందిలో 14 మందికి, మామూలు చికిత్స మాత్రమే పొందిన 16 మందిలో 7 మందికి పుండ్లు మానాయి. ఈ ఫలితం ఆశాజనకమే గాని, సంఖ్య చిన్నది. మానసిక చికిత్సలు పాదవ్రణాలను మాన్పుతాయని గాని, తిరిగి రాకుండా ఆపుతాయని గాని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2021లో కొక్రేన్ సమీక్ష తేల్చింది.

జాగ్రత్తలు

* బాసింపట్టు వేసుకొని కూర్చుంటే చీలమండ వెలుపలి వైపు ఒరిపిడి కలుగుతుంది. వజ్రాసనంలో పాదం పైభాగం నొక్కుకొనిపోతుంది. కనుక కుర్చీలో గాని, పడకపై గాని సాధన చేయవలెను.
* పుండు ఉన్న కాలి కండరాలను బిగించరాదు.
* స్పర్శ లేని పాదాన్ని వేడినీటితో గాని, నిప్పు సెగతో గాని కాపరాదు.
* నొప్పి లేకపోవడం పుండు మానుతున్నదనడానికి గుర్తు కాదు.
* వాపు, ఎరుపు, దుర్వాసన, జ్వరం, చర్మం నల్లబడడం కనిపిస్తే అదేరోజు వైద్యుని చూడవలెను.
* మందులను, ఇన్సులిన్‌ను వైద్యుడు చెప్పనిదే మానరాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఈ మూడు పట్టణాల చుట్టూ వ్యవసాయ గ్రామాలు ఎక్కువ. పొలంలో నిలబడి పనిచేసేవారికి కాలిపై బరువు పడకుండా ఉండడమే చికిత్సలో కష్టమైన భాగం. కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. పొరుగున తమిళనాడులోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుండి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల పాదాల పుండ్లకు స్పర్శ లేని చోట పడే ఒత్తిడే ముఖ్య కారణమని చూపాడు. ఆ అనుభవమే తరువాత మధుమేహ పాదాల సంరక్షణకు తోడ్పడింది. స్పర్శ తగ్గినవారు వాడే మెత్తని ఎం.సి.ఆర్. చెప్పుల ఉద్దేశం కూడా ఈ ఒత్తిడిని తగ్గించడమే.

విశ్రాంతికి వైద్యంలో గల స్థానాన్ని మదనపల్లె చరిత్ర కూడా తెలుపుతుంది. ఈ పట్టణ సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల శానిటోరియం వెలసింది. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు రాకముందు విశ్రాంతి, మంచి గాలి, పౌష్టికాహారం శానిటోరియంలలో ప్రధాన చికిత్సగా ఉండేవి. అయితే సరైన మందులు వాడితే ఇంటివద్ద ఉన్న క్షయరోగులు కూడా శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకొంటారని 1959లో ప్రచురితమైన మద్రాసు పరిశోధన నిరూపించింది. పాదవ్రణం విషయంలోనూ చక్కెర అదుపు, పుండు శుభ్రత, చీము నివారణ, రక్తప్రసారం సరిచేయడం, కాలిపై బరువు తగ్గించడం ముందు జరగవలసినవి. సడలింపు వాటికి తోడు కావలెను.