మొదటి పాట సర్కారుదే

లంకలో కొబ్బరితోట ఫలసాయమో, రేవులో పడవ నడిపే హక్కో, పంచాయతీ చెరువులో చేపలో, గోదావరి జిల్లాల్లో ఏది వేలానికి వచ్చినా మొదట వినపడే కేక ఒకటే: "సర్కారు వారి పాట..." ఆ వెంటే ఒక అంకె. ధరావత్తు కట్టి చెట్టు నీడన గుంభనంగా కూర్చున్న పాటదార్లు అప్పుడుగానీ కదలరు. ఆ అంకెకు తగ్గి పాడటానికి లేదు. పైకి పాడితే ఒకటోసారి, రెండోసారి. ఇంకెవరూ నోరు మెదపకపోతే మూడోసారి. పాట కొట్టేసినట్టే.

ముంబయి, బెంగళూరు నగరాల్లో పాత నాణేలు వేలం వేసేవారు ఇదే అంకెను రిజర్వ్ ప్రైస్ అంటారు. ఆఫీసు కాగితాల్లో అది అప్‌సెట్ ప్రైస్. తెలుగువాడు మాత్రం దాన్ని ధర అనలేదు, పాట అన్నాడు. అమ్మేవాడూ ఒక పాటదారే, మొదటి పాట అతనిదే అన్న గుట్టు ఆ ఒక్క మాటలోనే బయటపడింది.

వేలం అన్న మాట మనది కాదు. పోర్చుగీసువారి 'లైలావ్' ఓడ దిగి ఉత్తరాదిన నీలామ్, తమిళనాట ఏలం, మన దగ్గర వేలం అయిందంటారు. తెలంగాణలో వినపడే హర్రాజు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఆ రెండూ పరాయివైనా, పాట మనది. పక్కవాడి మీద పంతానికి పాడుకుంటూ పోయే జబ్బుకు సరిపోయే మాటా మనకుంది: వేలంవెర్రి.

ఈ నేల మీద పెద్ద వేలాలు వేసింది కుంపిణీ సర్కారు. 1802 తర్వాత శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చినప్పుడు, జమీందార్ల చేతిలో లేని హవేలీ భూములను ముఠాలనే ఎస్టేట్లుగా విడగొట్టి హెచ్చు పాటదార్లకు అమ్మింది. పంతాలకు పోయి పాడుకున్నవారు శిస్తు కట్టలేకపోతే అవే ముఠాలు మళ్లీ వేలానికొచ్చాయి. పాడేవాడే లేనప్పుడు సర్కారే కొనుక్కుంది. మొదటి పాటే ఆఖరి పాట అయిందన్నమాట.

అమ్మేవాడికి ఈ మొదటి పాట ఎందుకంటే, సిండికేటు భయం. పాటదార్లంతా ముందే కూడబలుక్కుని ఒక్కడిచేత పాడించి, తర్వాత లాభం పంచుకుంటే వంద రూపాయల సరుకు పదికి పోతుంది. అలా పోకుండా అడ్డుకట్ట వేసేదే సర్కారు పాట. దీనికి చట్టమూ ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 64వ సెక్షన్ ప్రకారం కనీస ధర ఉందని ముందే ప్రకటించి వేలం వేయవచ్చు. అమ్మేవాడు తానూ పాడదలిస్తే ఆ సంగతి ముందే చెప్పాలి. చెప్పకుండా తన మనిషిని జనంలో కూర్చోబెట్టి ధర పెంచితే, కొన్నవాడు ఆ కొనుగోలును కాదనవచ్చు. సుత్తి పడేదాకా పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు కూడా.

నాణేల వేలంలో తేడా ఒక్కటే, అక్కడ మొదటి పాట చాలాసార్లు గుప్తంగా ఉంటుంది. కేటలాగులో ప్రతి నాణేనికీ బొమ్మ, తూకం, అరుగుదల ఎంత అన్నదీ, ఇంత నుంచి ఇంత పలకవచ్చన్న అంచనా వేస్తారు. రిజర్వ్ మామూలుగా ఆ కింది అంచనాకు మించదు. అంకె యజమానికీ, వేలం సంస్థకూ మాత్రమే తెలుసు. హాలుకి రానివారు తమ ఆఖరి అంకె ముందే రాసి పంపుతారు. సుత్తి పడిన ధర మీద సంస్థ రుసుము, పన్ను అదనం. పాట రిజర్వ్‌ను తాకకపోతే నాణెం వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

అలా వెనక్కి పోయినవాటిలో గొప్పవీ ఉన్నాయి. 1613లో ఆగ్రాలో ముద్రించిన జహంగీరు వెయ్యి మొహర్ల బంగారు నాణెం బరువు 12 కిలోలకు కాస్త తక్కువ. హైదరాబాదు నిజాముల ఖజానాలో ఉండేదని చెప్పే ఆ నాణేన్ని 1987లో జెనీవాలో వేలానికి పెడితే కనీస ధర రాలేదు. 2013లో కోటి డాలర్లకు పైగా పలికిన 1794 నాటి అమెరికా వెండి డాలరు, 2020లో లాస్ వెగాస్‌లో రిజర్వ్ అందక అమ్ముడుపోలేదు.

మన రాజమహేంద్రవరం నాణెం సంగతికి వద్దాం. 11వ శతాబ్దంలో ఇక్కణ్ణించి ఏలిన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణెం రేకులా పల్చన. నడుమ వరాహం, చుట్టూ 'శ్రీ రాజరాజ' అన్న అక్షరాలు విడివిడిగా గుద్ది ఉంటాయి. బర్మా తీరాన చెదూబా దీవిలోనూ ఇలాంటివి దొరికాయంటే మన ఓడలు ఎంత దూరం వెళ్లాయో చూడండి. ధవళేశ్వరంలో బయటపడిన చాళుక్య, చోళ నాణేల నిక్షేపం మద్రాసు మ్యూజియానికి చేరింది.

ఇలాంటి నాణేల కుండ ఇవాళ మీ పొలంలో గునపానికి తగిలితే, 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు. హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పావు, భూమి యజమానికి పావు. సర్కారు తానే తీసుకోదలిస్తే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. నూరు రూపాయల బంగారానికి నూట ఇరవై. నాణేలకు సర్కారు వారి పాట అదే, 1878లోనే పాడేసింది.

నూట ఇరవై తక్కువ పాటే, కాదనను. కానీ చాటుగా కరిగించేవాడు తరుగు పోను ఇచ్చేది నూరు కూడా ఉండదు, పైగా రాజరాజు పేరు మూసలో కలిసిపోతుంది. చట్టబద్ధంగా చేతికొచ్చిన నాణేన్ని లైసెన్సున్న వ్యాపారి ద్వారా దేశంలోనే అమ్ముకోండి. నూరేళ్లు దాటినదాన్ని విదేశానికి పంపడం నేరం. కొనడానికి వెళ్లేవారు మాత్రం తమ ఆఖరి పాట ఎంతో ఇంట్లోనే చీటీ మీద రాసుకుని మరీ వెళ్లండి.