వెనిస్ ఫార్సా: చిన్న నాటకశాల పెంచిన హాస్య ఒపెరా

ఏకాంక హాస్య ఒపెరా కథను సాధారణంగా నేపుల్స్‌లో మొదలుపెడతారు. 1733లో అక్కడి సాన్ బర్తొలొమేయో నాటకశాలలో పెర్గొలేజీ ‘లా సెర్వా పద్రోనా’ ప్రదర్శించిన సంగతి, 1752లో అది పారిస్‌లో ఇటాలియన్, ఫ్రెంచి సంగీతాల మధ్య పెద్ద వివాదం రేపిన సంగతి చెప్పి, అక్కణ్ణుంచి తిన్నగా రొస్సీనీ దగ్గరికి వచ్చేస్తారు. ఈ వంశక్రమం నాకు సమంజసంగా తోచదు. పెర్గొలేజీ రాసింది ఇంటర్‌మెజ్జో. గంభీరమైన ఒపెరా అంకాల నడుమ రెండు భాగాలుగా పాడిన హాస్యం అది. పాడే పాత్రలు రెండే, మూడోది మూగపాత్ర. పెద్ద ఒపెరా ఉంటేనే దానికి చోటు. పద్దెనిమిదో శతాబ్దం చివర వెనిస్‌లో వర్ధిల్లిన ఫార్సా అనే ఏకాంక హాస్య ఒపెరాకు అలాంటి ఆసరా అక్కర్లేదు. ఒకే రాత్రి రెండు ఫార్సాలు ఆడి, వాటి మధ్య బ్యాలే పెట్టేవారు. విరామంలో బతికిన హాస్యమే ఇప్పుడు ప్రధాన ప్రదర్శన అయింది.

ఇందుకు అభిరుచి ఎంత కారణమో ఖర్చూ అంతే కారణం. 1797లో నెపోలియన్ ధాటికి వెనిస్ గణతంత్రం కూలింది. ఆ తర్వాత ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చిన సాన్ మొయిజే లాంటి చిన్న నాటకశాలకు ఫార్సా సరిగ్గా సరిపోయింది: కోరస్ లేదు, గాయకులు ఐదుగురి నుంచి ఎనిమిది మంది, తరచు ఒకటే రంగాలంకరణ. కథలు ఫ్రెంచి ఏకాంకాల నుంచి వచ్చేవి. రొస్సీనీ ‘లా స్కాలా ది సేతా’కు మూలం గావో 1808లో స్వరపరచిన ఫ్రెంచి ఒపెరాయే. అయితే ఈ పొదుపు సంగీత నిర్మాణాన్నే మార్చేసింది. రెండంకాల హాస్య ఒపెరాలో చిక్కుముడి మొదటి అంకం చివర బిగుస్తుంది, తెర పడుతుంది, ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. ఫార్సాలో ఆ తెర లేదు. అందుకే పాత్రలన్నీ ఒకేసారి తికమకపడే బృందగానం నాటకం నడిమధ్యకు వచ్చింది. అది ముగిసీ ముగియకముందే కథ పరిష్కారం వైపు పరుగెత్తాలి. ఆ వేగమే రొస్సీనీ వేగమని మనం ఇప్పుడు పిలుచుకుంటున్నది.

1810 నవంబరు నుంచి 1813 జనవరి దాకా అతను సాన్ మొయిజేకు ఐదు ఫార్సాలు రాశాడు. మొదటిది ‘లా కంబియాలే ది మత్రిమోనియో’ నాటికి అతనికి పద్దెనిమిదేళ్లు. ఒక ఆంగ్ల వర్తకుడు కూతుర్ని సరుకులా లెక్కగట్టి, కెనడా వ్యాపారికి హుండీ మీద చెల్లించబోతాడు. ఆఖరిది ‘ఇల్ సిన్యోర్ బ్రుస్కీనో’. దాని ఆరంభ సంగీతంలో రెండో వయొలిన్ల వాళ్లు కమానులతో స్టాండ్లను తడతారు. వాద్యాలు తక్కువైన చోట చప్పుడునే వాద్యం చేసుకున్న చాతుర్యం అది.

ఫార్సా రొస్సీనీకి సాధన మాత్రమే, అసలు కృషి తర్వాతిదే అనే వాదం ఉంది. మొదటి ఫార్సాలోని సంగీతం 1816 నాటి ‘సెవిల్ మంగలి’లో రొజీనా, ఫిగరోల యుగళగీతంలోకి చేరిన మాట నిజమే. కానీ అరువు తీసుకోవడం ఆ కాలపు స్వరకర్తలందరి అలవాటు; దాన్ని బట్టి మూలకృతి అసంపూర్ణమని తేల్చలేం. పైగా 1812 నాటి ‘లింగన్నో ఫెలీచె’ ఇటలీ దాటి పారిస్, లండన్‌ల దాకా వెళ్లింది. భర్త నమ్మని భార్య గనివాళ్ల మధ్య మారుపేరుతో బతికే ఆ కథలో నవ్వుతో పాటు నిజమైన వేదన ఉంది. సాధన కోసం రాసిన పాఠానికి అంత దూరం నడిచే శక్తి ఉండదు.

సాన్ మొయిజే 1818లో మూతపడటంతో ఈ ప్రక్రియ ముగిసిందనే మాటకు మరింత బలముంది. ఆ ఇంటికోసం పుట్టిన ప్రదర్శన పద్ధతి నిజంగానే పోయింది. విద్య మాత్రం గురుశిష్యుల ద్వారా సాగింది. బవేరియాలో పుట్టి బెర్గమోలో స్థిరపడిన సిమోన్ మైర్ వెనిస్‌కు ఎన్నో ఫార్సాలు రాసినవాడు. అతని శిష్యుడు దొనిజెత్తి. 1836లో నేపుల్స్‌లో దొనిజెత్తి ‘ఇల్ కంపనెల్లో’ ఆడించాడు, మాటలూ తనే రాసుకున్నాడు. ముసలి మందుల వ్యాపారి పెళ్లిరాత్రి పెళ్లికూతురి పాత ప్రియుడు రకరకాల వేషాలతో, లేని జబ్బులతో వచ్చి గంట మోగిస్తూనే ఉంటాడు. ఇందులో కోరస్ ఉంది, వెనిస్ పొదుపు లేదు. అయినా ఒక్క రాత్రి, ఒక్క ఇల్లు, తెల్లవారేలోగా ముగియాల్సిన తొందర: హాస్యమంతా ఆ బిగువులోంచే పుడుతుంది.