పాదం కీలు ఆపరేషన్ తర్వాత: ఏ కట్టు, ఎన్నాళ్లు, వుజూ ఎలా?

కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో పాదం కీలుకు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొస్తే, చుట్టాలు చెప్పే మాట ఒకటుంది: "పైన పుత్తూరు కట్టు కూడా వేయించండి". ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే ఆ కట్టుకు సీమలో పేరుంది. కానీ కుట్లున్న కాలికి అది వద్దే వద్దు. పసరు తగిలిన పుండు చీము పట్టి, లోపలి స్క్రూల దాకా ఇన్ఫెక్షన్ పోవచ్చు.

బొటనవేలి దగ్గర పొడుచుకొచ్చిన ఎముకను సరిచేస్తే సాధారణంగా క్రేప్ బ్యాండేజీ, గట్టి అడుగున్న చెప్పు 6 వారాల దాకా ఉంటాయి. చీలమండ కీలును అతికిస్తే మొదట వాపుకు చోటుండే సగం సిమెంటు కట్టు వేస్తారు. తర్వాత ఫైబర్ కట్టు గానీ, విప్పి వేసుకునే బూటు గానీ ఇస్తారు. ఎముక అతకడానికి 3 నెలలు పట్టొచ్చు, అందులో మొదటి వారాలు కాలు కింద మోపకూడదు. ఫైబర్ నీళ్లకు చెడదంటారు గానీ లోపలి దూది తడిస్తే చర్మం నానిపోతుంది. బూటు ఉంటే పుండు చూసుకోవచ్చు, షుగర్ ఉన్నవాళ్లకు అది మేలే. కాకపోతే స్పర్శ తగ్గిన పాదానికి నొప్పి తెలియదు, బూటు తీసేసి బాత్రూమ్‌కు నడిచేస్తారు. అక్కడే ఎముక కదులుతుంది.

ఎండాకాలం కట్టు లోపల దురద పుడితే స్కేలు, పుల్ల దూర్చొద్దు. కాలిని దిండ్ల మీద గుండె కంటే ఎత్తులో పెట్టండి. కుట్లు 2 వారాల ప్రాంతంలో తీస్తారు. బీడీ, సిగరెట్ మానకపోతే ఎముక అతకడం ఆలస్యమవుతుంది.

వుజూ కోసం కట్టు విప్పొద్దు. మిగతా అవయవాలు కడుక్కుని, కట్టు మీద తడి చేత్తో మసహ్ చేస్తే చాలు. హనఫీ ఫిఖహ్‌లో దీనికి మేజోళ్ల మసహ్ లాగా గడువు లేదు, కట్టు కట్టేముందు వుజూ ఉండాలన్న షరతూ లేదు. తడి కూడా హాని అని డాక్టర్ చెబితే మసహ్ కూడా అక్కర్లేదు. నమాజ్ కుర్చీలో కూర్చుని చదవొచ్చు.

ఒక్క సంగతి మాత్రం ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. బొటనవేలి కీలును పూర్తిగా అతికిస్తే ఆ కీలు ఇక ఎప్పటికీ మునుపటిలా వంగదు. ఖాఇదాలో కుడి పాదం నిలబెట్టి కూర్చోవడం కష్టమవుతుంది. ఉజ్ర్ ఉన్నవాళ్లు వీలైనట్టు కూర్చోవచ్చు గానీ, ఆ మార్పు తెలిసే ఒప్పుకోవాలి.

వేళ్లు నీలంగా, చల్లగా మారినా, మొద్దుబారినా, కాలు ఎత్తి పెట్టినా నొప్పి పెరుగుతున్నా, పిక్క వాచి సలిపినా, జ్వరమో దుర్వాసనో వచ్చినా తెల్లవారేదాకా ఆగొద్దు. ఊపిరాడకపోతే 108కు ఫోన్ చేయండి.