కలుపులో దొరికిన కూర

మా నర్సంపేట దిక్కు వానకాలంలో కలుపుకు పోయిన ఆడమనిషి ఒట్టి కొంగుతో ఇల్లు చేరేది కాదు. కూలి పైసలు ఆసామి ఎప్పుడిస్తే అప్పుడు. కొంగులో కూర మాత్రం ఆ పూటకు ఖాయం. పాకాల, రామప్ప చెరువులు తవ్వించిన కాకతీయుల కథ మనకు కంఠతా వచ్చు. ఆ చెరువుల కింద పండిన వరి ఎంతమంది కంచాల్లోకి వచ్చిందో ఎవరూ అడగరు. మా నాయనమ్మ తరానికి రోజూ తిండి జొన్న గట్క, మక్క గట్క, అందులోకి కలుపుకూర.

గునుగు, తుమ్మి, చెంచలి, గంగవాయిలి, తగిరిస చేలల్లో. పొన్నగంటి చెరువు శిఖం తడిలో. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. గునుగు లేతగా ఉన్నప్పుడే తుంచాలి, వెన్ను కనబడిందంటే వదిలేయాలి. ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, గట్టిగా పిండి, ఎల్లిపాయ కారంతో పోపు పెట్టేది. నీళ్లు వంపడం చేదు పోవడానికే అనేది నాయనమ్మ. గంగవాయిలి, పొన్నగంటి లాంటి ఆకుల్లో ఉండే ఆక్సలేట్లు కూడా ఆ నీళ్లతో కొంతమట్టుకు పోతాయని నేను తర్వాత చదివాను.

తెచ్చిన కూర సరాసరి కుండలో పడేది కాదు. చాటలో పోసి ఆకు ఆకూ ఏరాల్సిందే. ఉమ్మెత్త మొలక ఒక్కటి కలిసినా ఇంటిల్లిపాదికీ ప్రమాదం. తగిరిస దగ్గర ఇంకా జాగ్రత్త, ఎందుకంటే దాని పక్కనే కసివింద మొలుస్తుంది. తగిరిస రెమ్మకు మూడు జతల ఆకులు, కొసలు గుండ్రం, కాయ సన్నగా పొడుగు. కసివిందకు జతలు ఎక్కువ, ఆకు కొస మొనదేలి ఉంటుంది, నలిపితే పాడు వాసన. ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొనే ఉన్న ఒడిశా మల్కాన్‌గిరిలో 2016లో పిల్లలు పదుల సంఖ్యలో చనిపోయారు. మొదట అందరూ మెదడువాపు అనుకున్నారు. ఆ మరణాల్లో కసివింద గింజల విషం ఉందని నిపుణులు తర్వాత చెప్పారు. మా వాడకట్టులో తగిరిసకూ కసివిందకూ తేడా పదేళ్ల పిల్లకు తెలిసేది. తల్లి వెనక సాలు పట్టి కలుపు తీస్తూ నేర్చుకునేది.

ఆ సాలే మారిపోయింది. జొన్న, పెసర, కంది, నువ్వు కలిసి పండిన చెల్కల్లోకి 1980ల నుంచి పత్తి పాకింది. 1997-98లో పురుగు దెబ్బకు వరంగల్ జిల్లా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి దేశమంతా విన్నది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పత్తి మీద కొట్టిన పురుగు మందు గునుగు మీదా పడుతుంది, ఇక ఆ కూర ఎవరు తెంపుతారు? ఆ తర్వాత కలుపు మందు వచ్చి, కలుపు తీసే చేతులకే పని లేకుండా చేసింది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని కేంద్రం 2022లో కట్టడి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది గానీ, అప్పటికే ఒక తరం ఆడపిల్లలు కలుపుకు పోకుండానే పెరిగారు. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఈ కూరలను పంటతో సమానంగా చూసి, పేరు పేరునా రాయించారు. మా వరంగల్‌లో అంత పట్టున జరిగిన పని నాకు కనబడలేదు. అది నాకు బాధ.

పండుగలు మాత్రం కొంత కాపాడుతున్నాయి. వినాయక చవితినాడు తుమ్మికూర తినాలనే పట్టింపు మా ఇళ్లలో ఇంకా ఉంది. బతుకమ్మకు గునుగు పువ్వు హన్మకొండ బజార్లలో కట్టలు కట్టలుగా అమ్ముడుపోతుంది. ఆషాఢంలో దీని ఆకే వండుకునేవాళ్లమని చెబితే పువ్వు కొనే పిల్లలు ఆశ్చర్యపోతారు. నేను తుమ్మికూర కొనేముందు అమ్మే అమ్మను అడుగుతాను: ఏ ఊరి చేను, ఏ గట్టు, మందు కొట్టి ఎన్నాళ్లయింది? జవాబు చెప్పగలిగిన మనిషి దగ్గరే కొంటాను.