మొదటివాని పందెము

1565లో తళ్ళికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండయు, దానికి దక్షిణమున హిందూపురమును, ఉత్తరమున పట్టుచీరలకు పేరుగన్న ధర్మవరమును 1953 వరకు మదరాసు రాష్ట్రములోనివే గావున, అచటి పేకాటకు 1930 నాటి మదరాసు జూదపు చట్టమే శాసనమయ్యెను. నేర్పుతో నడచు ఆటలను ఆ చట్టము మినహాయించినది. సికిందరాబాదులోని యొక క్లబ్బు వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, చేతిముక్కలను కూర్చుటకును నేర్పు వలయునని రమ్మీని సమర్థించి, మూడు ముక్కలాటను మాత్రము కేవల దైవాధీనముగా నెంచినది.

అయినను పోకరుకు దగ్గరి చుట్టమైన ఆ యాటలో నొక సూక్ష్మము కలదు. ముక్కలు చూచి యాడువాడు చూడక యాడువానికి రెట్టింపు ఒడ్డవలెను. తొలుత పలుకువాడో, తన తరువాత పలుకవలసిన నలుగురైదుగురి చేతులలో నేమున్నదో యెరుగడు. కావున చివరివాడు అందరి పోకడయు గనిపెట్టి ధైర్యముగా పెంచదగిన నడితరపు జతతో మొదటివాడు పందెము పెంచుట తొందరపాటు; అతనికి ఆసుల జతవంటి బలము వలయును. పోకరునందును, నడుమ ముక్కలు పరచకముందు, ఇదియే న్యాయము.

1974లో ఆంధ్రప్రదేశమునకు వేరు చట్టము వచ్చెను. 2020 సవరణతో ఆన్‌లైను పందెములును నిషిద్ధములయ్యెను. మూడు ముక్కలాటలో ముక్క వచ్చుట దైవాధీనమే కాని, కూర్చున్న చోటెరిగి పందెమును పెంచుటయో విడుచుటయో వివేకాధీనము. న్యాయస్థానము మొదటిదానినే తూచినది.