రాజధాని కానప్పుడు కట్టిన గోడ

చార్మినార్ చూడడానికి వచ్చినవాళ్లు చాలామంది అక్కడి నుంచే వెనక్కి మళ్లుతారు. తూర్పు వైపు ఇంకాస్త ముందుకొస్తే మా దబీర్‌పురా దర్వాజా ఉంది. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ఆరు మైళ్ల రాతిగోడ, దానికి 13 దర్వాజాలు, 13 ఖిడ్కీలు (చిన్న ద్వారాలు) ఉండేవి. ఆ దర్వాజాల్లో ఇప్పుడు నిలిచినవి రెండే: మాదొకటి, పురానాపూల్ దగ్గరది ఇంకొకటి.

ఈ గోడను నిజాం కట్టించాడని అందరూ అనేస్తారు. అది సగం నిజమే. మొదలుపెట్టినవాడు మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్. 1724లో షకర్‌ఖేడా యుద్ధంలో అతన్ని ఓడించి చంపిన మొదటి నిజాం, నిజాం ఉల్ ముల్క్, తన శత్రువు వదిలివెళ్లిన పనిని 1740 నాటికి పూర్తి చేయించాడు. అప్పటికి హైదరాబాద్ రాజధాని కూడా కాదు. 1687లో గోల్కొండ రాజ్యం ఔరంగజేబు చేతికి చిక్కాక దక్కన్ పెత్తనం ఔరంగాబాద్‌కు పోయింది. రెండో నిజాం అలీఖాన్ 1763లో రాజధానిని ఇక్కడికి మార్చేనాటికి గోడ లేచి, ఊరు సిద్ధంగా ఉంది.

రాజధాని హోదా పోయిన ఇంకో ఊరి సంగతి చూడండి. సరిగ్గా పదేళ్లకు, 1773లో, మధ్య అమెరికాలో స్పెయిన్ పాలకుల రాజధానిని భూకంపాలు కూల్చాయి. 1776లో వాళ్లు రాజధానిని వేరే చోటికి తరలించారు. పాత ఊరు ఆంటిగ్వా గ్వాటెమాలా శిథిలాలతో సహా మిగిలింది. 1979లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పదవి పోయిన ఊరు దక్కింది. మాకేమో పదవి తిరిగొచ్చింది, దాంతో జనమూ వచ్చారు, ఊరు గోడ దాటింది.

1869లో దివాన్ మొదటి సాలార్‌జంగ్ మున్సిపల్ శాఖను పెట్టినప్పుడు నగరాన్ని నాలుగు భాగాలుగా, చాదర్‌ఘాట్ శివారును ఐదు భాగాలుగా విడగొట్టారు. 1933లో చాదర్‌ఘాట్ మున్సిపాలిటీని నగరంలో కలిపేశారు. మధ్యలో, 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద గోడను దెబ్బతీసింది. మిగిలిన గోడను 1950, 60 దశకాల్లో పడగొట్టారు. వరదను తప్పుపట్టలేం కానీ, తర్వాతి కూల్చివేత మాత్రం మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయమే.

మా పేట పేరు బయటివాళ్లకు గుర్తొచ్చేది మొహర్రం పదో రోజున. ఇక్కడి బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బీబీ కా ఆలం అనే పవిత్ర పతాకం బయలుదేరి చాదర్‌ఘాట్ దాకా వెళ్తుంది. దారి పొడవునా ఇసుక వేస్తే రాలదు. ఆ జనంలో ఎందరు దర్వాజాను తలెత్తి చూస్తారో!

చార్మినార్‌కు వస్తే ఇటూ రండి. ఆటోలకు అడ్డం రాకుండా ఓ పక్కన నిలబడి ఆ రాళ్లను చూడండి. బ్యానర్లు కట్టే తమ్ముళ్లకు ఒక్క మాట: కరెంటు స్తంభాలు చాలా ఉన్నాయి, ఈ దర్వాజాను వదిలేయండి.